పెద్దవాళ్ళ నెంబరు

శ్రీకాకుళంలో ఒంటరి మగవాడికి ఇల్లు చూపించాలంటే బ్రోకరు ముందుగా ఒక ఫోన్ నెంబరు అడుగుతాడు. మన నెంబరు కాదు. "మీ పెద్దోలెవరైనా ఉన్నారా సారూ? ఆల నెంబరియ్యండి, ఒకపాలి మాటాడతాను" అంటాడు. అమ్మో, అక్కో, మేనత్తో, ఎవరో ఒక ఆడమనిషి "మావోడే, మంచోడే" అని ఒక్క మాట అంటే చాలు, పెళ్ళికాని వాడి మీద ఉన్న సందేహాలన్నీ తీరిపోతాయి. నాకు నలభై రెండేళ్ళు. జుట్టు సగం నెరిసింది. అయినా అడుగుతారు. అమ్మ పోయి చాలాకాలమైంది కాబట్టి నేను మా అప్ప నెంబరు ఇచ్చేవాణ్ణి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె కాపురం శ్రీకాకుళంలోనే. రెండున్నర నెలల్లో పదకొండు మంది బ్రోకర్లకి ఆ నెంబరు నేనే, నా చేత్తో నేనే, రాసిచ్చాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వైశాఖంలో మా విత్తనాల కంపెనీ నన్ను చీపురుపల్లి నుంచి శ్రీకాకుళం మార్చింది. అటు నరసన్నపేట దాకా ఉన్న డీలర్లందరూ నా నెత్తిన పడ్డారు. అదే సమయానికి చీపురుపల్లిలో నేనుంటున్న పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టుకోవాలని ఓనరుకి బుద్ధి పుట్టింది. "శ్రావణంలో ముహూర్తం బాబూ, అప్పటికి కాళీ సేసెయ్యాల" అన్నాడు. ఆరేళ్ళలో ఒక్క మాట అనని మనిషి, ఆయన్ని తప్పు పట్టలేను. రోజూ పొద్దున్న ప్యాసింజరెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో శ్రీకాకుళం వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ అదే దారిలో తిరిగొచ్చేవాణ్ణి. ఇంట్లో నాకోసం ఎదురుచూసేది ఒక కుక్క.

నల్ల కుక్క. ముందు కాళ్ళు రెండూ తెల్లగా ఉంటాయి. జాతి గీతీ ఏమీ లేదు, వీధిలో పుట్టిందే. కుడి పక్కన అరచేయంత జాగాలో వెంట్రుకలు ఉండవు. పిల్లగా ఉన్నప్పుడు మా అప్ప చేతిలోంచి గంజి ఒలికి దాని మీద పడింది. అవును, అది మొదట మా అప్పవాళ్ళ ఇంటి కుక్కే. మా మేనకోడలు ఆరో తరగతిలో ఉండగా బడి గేటు దగ్గర దొరికిందని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. పేరూ తనే పెట్టింది. ఆ ఏడాదే ఒకరోజు అప్ప దాన్ని ఆటోలో చీపురుపల్లి తీసుకొచ్చి నా గుమ్మంలో దింపింది. "పిల్లగుంటకి ఉబ్బసం వస్తన్నాది రా. కుక్క బొచ్చు పడదని డాక్టరు సెప్పినాడు. పది రోజులుంచు, ఆ తర్వాత సూద్దాం" అంది. ఆ పది రోజులు అయిదేళ్ళయ్యాయి. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా చెప్పింది. "దాని ముందు ఈ కుక్క మాట ఎత్తకు రా. ఏడుస్తాది, ఏడిస్తే ఆయాసం ఎక్కువవుతాది." నేను ఎత్తలేదు. అప్ప ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళినా, మేనకోడలు పక్కన కూర్చుని అన్నం తిన్నా, ఆ మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. ఈ అయిదేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారి కూడా మా ఇంటికి రాలేదు. ట్యూషన్లు, పరీక్షలు అని అప్ప చెప్పేది, నేను సరే అనుకునేవాణ్ణి. నమ్మకం అంటే అదే కదా, అడక్కుండా సరే అనుకోవడం.

మొదట్లో బ్రోకర్ల మౌనానికి నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఆషాఢం. ఆషాఢంలో ఎవరూ కొత్తింట్లో దిగరు, కాబట్టి ఎవరూ ఇల్లు చూపించరు, అందుకే ఫోన్లు ఎత్తడం లేదు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. జ్యేష్ఠంలో కూడా ఎత్తలేదు కదా అన్న ఆలోచన నాకు రాలేదు. వాట్సాప్‌లో "ఒక్కడినే, ఒక కుక్క ఉంది, టీకాలన్నీ వేయించాను" అని రాసి, కుక్క ఫోటో, టీకాల కార్డు పంపేవాణ్ణి. బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చేది. ఆ తర్వాత ఆ మనిషి అంతర్ధానం. ఫోన్ చేస్తే భక్తి పాట మొదటి నుంచి చివరి దాకా వినిపించేది, మనిషి గొంతు మాత్రం వినిపించేది కాదు. ఆ రెండున్నర నెలల్లో నేను విన్నన్ని దేవుడి పాటలు మా నాయనమ్మ జన్మంతా విని ఉండదు.

ఒకరోజు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక బ్రోకరు టీ తాగుతూ కనబడ్డాడు. శ్రీకాకుళంలోనే బలగ వైపు రెండు గదుల ఇల్లుంది, కుక్కున్నా ఫరవానేదు సారూ అని నాతో తనే అన్నవాడు. నన్ను చూడగానే ఫోన్ చెవికి ఆనించుకుని "ఆ, ఆ, సెప్పండి, వింటన్నాను" అని గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను రోడ్డుకి ఇవతలే నిలబడి ఆయన నెంబరు నొక్కాను. చెవి దగ్గరున్న ఆ ఫోన్ గణగణా మోగింది. టీ కొట్టులో అందరూ చూశారు. ఆయన కొంచెం కూడా సిగ్గుపడలేదు. "సిగ్నల్ నేదు సారూ ఇక్కడ" అని బండెక్కి వెళ్ళిపోయాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆ సాయంత్రం ఆ ముచ్చట అప్పకి ఫోన్‌లో చెప్తే ఆమె కూడా నవ్వింది.

అప్ప రోజూ ఫోన్ చేసేది. "ఏటైనాది రా? ఎవరైనా సూపించారా?" అని అడిగేది. ఏ వీధిలో, ఎవరు, ఏమన్నారు, ఇల్లెలా ఉంది, అన్నీ వివరంగా చెప్పేవాణ్ణి. "ఈ బ్రోకర్లింతే రా. కుక్క అంటే భయం ఆలకి. ఏటి సేస్తాం" అని నిట్టూర్చేది. పనిలో పనిగా శ్రీకాకుళంలో మధ్యాహ్నం భోజనానికి వెళ్తే బెండకాయ వేపుడు చేసి పెట్టేది. నేను కడుపు నిండా తిని, వెతికిన ఇళ్ళ జాబితా ఆమె ముందు పరిచి వచ్చేవాణ్ణి.

గమనించవలసిన తేడా ఒకటి ఉంది, నేను గమనించలేదు. కుక్క అనగానే మొహం మీదే వద్దన్నవాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళంతా ఫరవానేదన్నారు, పెద్దవాళ్ళ నెంబరు తీసుకున్నారు, ఆ తర్వాతే మాయమయ్యారు.

నాకు నిజం చెప్పింది బ్రోకరు కాదు, ఇస్త్రీ చేసే ఆవిడ. బలగలో ఒక రేకుల పందిరి కింద బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఆమె బండి ఉంటుంది. ఆ బండికి కొట్టిన మేకులకి మూడు నాలుగు ఇళ్ళ తాళాలు వేలాడుతుంటాయి. విశాఖపట్నంలో ఉండే ఓనర్లు బ్రోకర్లని నమ్మక తాళాలు ఆమెకే ఇచ్చి వెళ్తారు. ఆమె తీసి చూపించిన ఇల్లు నాకు చూడగానే నచ్చింది. ఒక గది, వంటిల్లు, వెనకాల పెరడు, బావి. కుక్క సంగతి భయపడుతూ చెప్తే ఆమె నవ్వేసింది. "కుక్కుంటే మంచిదే బాబూ. పెరట్లో పందికొక్కులు ఎక్కువైపోనాయి" అంది. తర్వాత, అందరిలాగే, పెద్దవాళ్ళ నెంబరు అడిగింది. ఇచ్చాను.

మూడో రోజు అడ్వాన్సు పట్టుకుని వెళ్ళాను. తాళం మేకుకే వేలాడుతోంది. ఆమె మాత్రం నా వైపు చూడకుండా చొక్కా కాలరు మీద ఇస్త్రీ రుద్దుతూ ఉంది. బ్రోకర్లకి ఫోన్ ఎత్తకపోతే సరిపోతుంది. రోడ్డు పక్క బండి పెట్టుకున్న మనిషి ఎక్కడికి పోతుంది? చివరికి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలదీసింది.

"మీరేటి బాబూ, ఇంత సదూకున్నోలు, కరిసే కుక్కని దాసిపెట్టి ఇల్లడుగుతారా?"

"కరిచే కుక్కా? ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరేటి, మీ అప్పగారే. తన కూతుర్ని కరిసీసినాదంట. ఆసుపత్రిలో ఎట్టీసినారంట. 'మా తమ్ముడు మంచోడే గానీ ఆ కుక్కని ఒగ్గీసే వరకూ ఇల్లియ్యకండమ్మా, మీకే సెడ్డపేరు' అని సెప్పినారు. నాను సేసిందొకపాలి, మర్నాడు ఆమే మల్లీ సేసి గట్టిగా సెప్పినారు."

ఆమె అబద్ధమాడుతోందని ముందు ఆమె మీదే కోపమొచ్చింది. ఫోన్ తీసి చూపించింది. అప్ప నెంబరు నాకు నోటికొచ్చు. దాన్ని పైనించి కిందకి రెండుసార్లు చదివాను. అక్కడే ఆ బండి పక్కనున్న రాయి మీద కూర్చుండిపోయాను. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. నన్ను మా అప్ప ఇంత కాలం కూర్చోబెట్టి వేపుడు వడ్డించి, ఒక్కొక్క ఇంటి పేరు చెప్పించుకుని, నేను మెట్లు దిగగానే ఆ ఇంటి తలుపు మూయించిందన్నమాట. నాకు ఏడుపొచ్చింది. నలుగురూ నడిచే రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను, దాచడానికేం లేదు.

మా ఇళ్ళల్లో కొత్తింట్లో పాలు పొంగించే హక్కు ఆడపడుచుది. తమ్ముడు అద్దెకి తీసుకున్న ఒంటిగది అయినా సరే, ఆమె వచ్చి కొత్త గిన్నెలో పాలు పోసి పొంగిస్తేనే అది ఇల్లవుతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మారిన నాలుగిళ్ళలోనూ మా అప్పే పొంగించింది. ఆ చేతిని నేను అంతగా నమ్మాను.

నేరుగా ఆమె ఇంటికి వెళ్ళాను. బావ కొట్లో ఉన్నాడు. అప్ప వంటింట్లో కింద కూర్చుని బీరకాయల చెక్కు తీస్తోంది. "కుక్క ఎవర్ని కరిసింది అప్పా?" అని అడిగాను. చాకు ఆగిపోయింది. కాసేపు ఏమిట్రా, ఎవరు సెప్పార్రా అని తప్పించుకోవాలని చూసింది. ఇస్త్రీ ఆవిడ పేరెత్తగానే చాకు పక్కన పడేసింది.

"మరేటి సెయ్యమంటావు రా? గుంటకి అది సచ్చిపోనాదని సెప్పీసాను నాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. నీ దగ్గర ఒగ్గిన నెలకే. రోజూ ఎప్పుడు తెస్తావు, ఎప్పుడు తెస్తావు అని నా పేణం తీసేసినాది. అన్నం మానీసినాది. బండి కింద పడి సచ్చిపోనాదని సెప్పీసాను. రెండ్రోజులేడ్సి ఊరుకున్నాది. ఇప్పుడు నువ్వు దాన్ని పట్టుకుని ఈ ఊల్లోనే కాపురం ఎడితే, గుంట నీ ఇంటికి రాకుండా ఎన్నాళ్ళాపుతాను? ఎదిగిన పిల్ల. తల్లి అబద్ధమాడినాదని తెలిస్తే నా మొకం సూస్తాదా?"

"మరి ఉబ్బసం?"

అప్ప తొక్కలన్నీ పళ్ళెంలోకి ఎత్తింది. "మా అత్త కుక్క తిరిగిన ఇంట్లో నీళ్ళు ముట్టనన్నాది" అంది. అంటే డాక్టరూ లేడు, ఆయాసమూ లేదు. నేను అయిదేళ్ళు నోరు కట్టుకుని కూర్చున్నది ఆ పిల్ల ఊపిరి కోసం కాదు, ఆమె అబద్ధం కోసం.

"శ్రీముఖలింగం తీసుకెళ్ళి ఒగ్గీ రా" అంది తర్వాత, మెల్లగా, నా మంచి చెప్తున్నట్టు. "గుడికొచ్చినోలు ఏదో ఒకటి ఎడతారు. వంశధార ఒడ్డున సల్లగా బతుకుతాది. దానికీ పున్నెమే."

"నిన్నూ అక్కడే ఒగ్గేస్తాను, ఇద్దరూ పున్నెం సంపాదించుకోండి" అన్నాను. నా జన్మలో ఆమెతో అంత మాట అనలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. నిజం చెప్తున్నాను, అసలు కలగలేదు.

కానీ శ్రావణం వారం రోజుల్లో ఉంది. చీపురుపల్లి ఇంటి మీద పెంకులు అప్పటికే ఒక పక్క దింపేస్తున్నారు. ఊళ్ళో ఉన్న బ్రోకర్లందరికీ నా కుక్క పిచ్చిది, కరిచేది. ఆ మాటని వెనక్కి తీసుకోగలిగింది ఒక్క అప్పే. మేమిద్దరం ఆ వంటింట్లోనే, ఆ బీరకాయల మధ్యనే, ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆమె ఇస్త్రీ ఆవిడకి ఫోన్ చేసి కరిసిన కుక్క వేరని, అది పోయిందని చెప్తుంది. మేనకోడలు ఎప్పుడైనా అడిగితే ఇది వేరే కుక్క అని నేను చెప్తాను. ఒప్పుకున్నాను. అబద్ధమాడినందుకు ఆమె మీద అరిచిన గొంతుతోనే ఒప్పుకున్నాను.

పాలు పొంగించడానికి అప్ప బుధవారం పెట్టించింది. మేనకోడలు విశాఖపట్నంలో ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. బుధవారమైతే రావడానికి కుదరదని అప్ప లెక్క. కానీ ఆ వారం అల్పపీడనం పట్టి కాలేజీలకి సెలవులిచ్చేశారు. పిల్ల ముందురోజే ఇంటికొచ్చేసింది, మావ కొత్తిల్లు చూస్తానని పట్టుబట్టి తల్లితో పాటు ఆటో దిగింది. అప్ప నా మొహం వైపు చూడలేదు. నేను కుక్కని పెరట్లో బావి పక్క స్తంభానికి కట్టేసి తలుపు వేసి ఉంచాను.

పిల్ల గుమ్మంలో అడుగుపెట్టి "మావా, ఇల్లు బావుంది" అంది. అంతే. పెరట్లోంచి ఒక మూలుగు మొదలైంది. అయిదేళ్ళలో ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అరుపు కాదు, పసిపిల్ల ఏడుపులా సాగింది. మెడపట్టీలోంచి తల ఎలా తప్పించుకుందో, పెరటి తలుపుని తోసుకుని వచ్చి ఆ పిల్ల కాళ్ళ మీద పడి, దొర్లి, పొట్ట చూపించి, లేచి మళ్ళీ పడింది. పిల్ల నవ్వుతూనే కూర్చుంది. కుడి పక్కన నిమురుతున్న చెయ్యి వెంట్రుకలు లేని చోటికి వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఇదెప్పటి నుంచి ఉంది మావా నీ దగ్గర?"

"ఏడాదైందమ్మా. చీపురుపల్లి స్టేషన్లో దొరికింది." స్టవ్ వైపు చూస్తూ చెప్పాను. అప్ప మాకు వీపు పెట్టి గిన్నెలో పాలు పోస్తోంది.

ఆ సమయానికే ఇస్త్రీ ఆవిడ అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. కుక్క ఆ పిల్ల చెయ్యి నాకుతుంటే చూసి ముచ్చటపడింది. "ఎంత మెత్తటి కుక్క! దీన్ని పట్టుకుని కరుస్తాదని ఎంత భయపెట్టీసినారు అప్పగారూ. ఇదిగో, ఈ పాపనేనేటి అప్పుడు కరిసీసినాది?" అని అడిగింది.

అప్ప వెనక్కి తిరగలేదు. పిల్ల ఒక్కసారి తల్లి వీపు వైపు, ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపు నాకు జీవితాంతం గుర్తుంటుంది. తర్వాత ఇస్త్రీ ఆవిడతో మామూలుగా చెప్పింది.

"అది వేరే కుక్కండీ. సచ్చిపోయింది. బండి కింద పడి."

పాలు పొంగాయి. "తూర్పుకి పొంగినాయి రా, మంచిది" అంది అప్ప. అందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. పిల్ల తన గ్లాసు తాగలేదు. కుక్క ముందు పెట్టి, అది తాగేదాకా పక్కనే కూర్చుంది.

వెళ్ళేటప్పుడు అప్ప ముందుగా ఆటో ఎక్కింది. పిల్ల గొడుగు మర్చిపోయానని లోపలికి వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది. కుక్కని పేరు పెట్టి పిలిచింది. అయిదేళ్ళ కిందట తను పెట్టిన పేరు, ఆ పొద్దున్నుంచి మాలో ఎవరూ పలకని పేరు. అది వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. నేను ఏదో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలిసిందని అమ్మకి సెప్పకు మావా. తట్టుకోలేదు."

నా ఫోన్ అడిగి తీసుకుని, హాస్టల్ కోసం బావ కొనిచ్చిన ఫోన్ నెంబరు అందులో ఎక్కించి, తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఈపాలి ఇల్లు మారినప్పుడు బ్రోకర్లు పెద్దోల నెంబరడిగితే ఇదియ్యి" అంది.